దేశాలు కలిసి యుద్ధ విమానం చేస్తే: అనంతపురంలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో పాలిటెక్నిక్ పిల్లలకు మెకానికల్ పాఠాలు చెబుతాను. సొంతూరు మడకశిర పక్కన. 2025 మేలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఢిల్లీ వెళ్లి, లేపాక్షి–మడకశిర మధ్య పది వేల ఎకరాలు ఇస్తాం, యుద్ధ విమానాల తయారీ ఇక్కడ పెట్టండి అని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌ను అడిగారు. తర్వాత పుట్టపర్తి పేరు కూడా వార్తల్లోకి వచ్చింది. అప్పటి నుంచి క్లాసులో, ఊళ్లో, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇవే ప్రశ్నలు. అందరికీ విడివిడిగా చెప్పడం కుదరట్లేదు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నా అభిప్రాయం చెప్పిన చోట అది నా అభిప్రాయమే అని మీకే తెలిసిపోతుంది.

సార్, ఐదో తరం, ఆరో తరం అంటారు. ఎవరు పెట్టిన లెక్క ఇది?

ఎవరో కమిటీ కూర్చుని రాసిన నిబంధనేమీ లేదు, వాడుకలో స్థిరపడిన లెక్క. మన సుఖోయ్-30 నాలుగో తరంలోకి వస్తుంది. రఫేల్‌ను నాలుగున్నర అంటారు. ఐదో తరం అంటే ముఖ్యంగా రాడార్‌కు సులభంగా దొరకని ఆకారం, ఆయుధాలు రెక్కల కింద వేలాడకుండా పొట్టలో దాచుకోవడం, అన్ని సెన్సర్ల సమాచారాన్ని కలిపి పైలట్‌కు ఒకే బొమ్మగా చూపించడం. అమెరికా ఎఫ్-22, ఎఫ్-35, చైనా జె-20, రష్యా సుఖోయ్-57 ఈ తరానివి.

ఆరో తరం విమానం ఇంకా ఏ దేశ వైమానిక దళంలోనూ పనిలోకి దిగలేదు. పైలట్ ఉన్న ఒక విమానం, దాని వెంట పైలట్ లేని కొన్ని డ్రోన్లు, ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒక దండులా పోరాడటం అనేది దాని మూల ఆలోచన. కరెంటు ఎక్కువ పుట్టించే ఇంజిన్ కావాలి, ఎందుకంటే రాడార్లు, కంప్యూటర్లు, రేపెప్పుడో లేజర్లు, అన్నీ కరెంటు తినేవే. చైనాలో 2024 డిసెంబర్‌లో తోక లేని రెండు కొత్త విమానాలు ఎగురుతూ కనబడ్డాయి. అమెరికా 2025 మార్చిలో ఎఫ్-47 పని బోయింగ్‌కు ఇచ్చింది. ఈ రెండు దేశాలూ ఎవరితో పొత్తు లేకుండా ఒంటరిగా చేస్తున్నాయి. మిగతా వాళ్లలో ఎక్కువ మంది కలిసి చేయాలనుకుంటున్నారు.

ఎందుకు కలుస్తారు? డబ్బులేని దేశాలేం కాదు కదా బ్రిటన్, జపాన్, జర్మనీ?

డబ్బులున్న దేశాలే. కానీ కొత్త విమానాన్ని బొమ్మ గీయడం దగ్గర నుంచి దళానికి అప్పగించేదాకా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఖర్చు మీరు వంద విమానాలు చేసినా అంతే, ఐదు వందలు చేసినా అంతే. ఒక్క దేశం తనకు కావలసిన వందో నూట యాభయ్యో చేసుకుంటే ఒక్కో విమానం మీద పడే భారం మోయలేనంత అవుతుంది. నలుగురు కలిసి ఐదు వందలు చేస్తే ఆ భారం పంచుకోవచ్చు. లెక్క ఇంతే, ఇందులో స్నేహం పాలు తక్కువ.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఇరవై ఏళ్లపాటు కొత్త డిజైన్ లేకపోతే ఆ పని తెలిసిన ఇంజినీర్లు రిటైరై వెళ్లిపోతారు. వాళ్ల చేతి పని వాళ్లతోనే పోతుంది. ధర్మవరంలో ఒక మంచి నేతగాడి మగ్గం ఒక తరం ఆగిపోతే ఆ ఇంట్లో మళ్లీ ఆ పట్టు నేసేవాళ్లు దొరకరు, విమానాల ఫ్యాక్టరీ అయినా అంతే.

ఇప్పుడు ఎవరెవరు కలిసి ఏం చేస్తున్నారో కాస్త తేలిగ్గా చెప్పండి.

ఆరో తరం విమానం కోసం పెట్టుకున్న పెద్ద పొత్తులు రెండు.

మొదటిది జీక్యాప్. బ్రిటన్, ఇటలీ, జపాన్. బ్రిటన్ 2018లో టెంపెస్ట్ అని ఒక నమూనా చూపించింది, జపాన్ విడిగా తన ఎఫ్-2 విమానాల స్థానంలో కొత్తది చేసుకోవాలని చూస్తోంది, రెండూ 2022 డిసెంబర్‌లో ఒకటయ్యాయి. 2023 డిసెంబర్‌లో టోక్యోలో మూడు దేశాలూ ఒప్పందం మీద సంతకం చేశాయి. 2025లో ఎడ్జ్‌వింగ్ అనే ఉమ్మడి కంపెనీ వచ్చింది, అందులో బ్రిటన్ వైపు బీఏఈ, ఇటలీ వైపు లియోనార్డో, జపాన్ వైపు ఒక సంస్థ, ముగ్గురికీ సమాన వాటా. 2035 నాటికి విమానం దళంలో ఉండాలని లక్ష్యం.

రెండోది ఎఫ్‌క్యాస్. ఫ్రాన్స్, జర్మనీ 2017లో ప్రకటించాయి, 2019లో స్పెయిన్ చేరింది. ఫ్రాన్స్ వైపు డస్సో, జర్మనీ వైపు ఎయిర్‌బస్, స్పెయిన్ వైపు ఇంద్ర ముఖ్యమైన కంపెనీలు. 2040 ప్రాంతంలో రావాలన్నది ప్లాన్. దీని గొడవ గురించి కింద రాశాను.

ఇవి కాక దక్షిణ కొరియా కేఎఫ్-21 ఉంది, అందులో ఇండోనేసియా భాగస్వామి. అది ఆరో తరం కాదు కానీ పొత్తు ఎలా నడుస్తుందో, ఎలా కుంటుతుందో చూడటానికి మంచి ఉదాహరణ.

అన్నా, జపాన్ ఎప్పుడూ అమెరికా వెంటే ఉంటుంది కదా, ఈసారి బ్రిటన్‌తో ఎందుకు వెళ్లింది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, దీనికి కొంచెం ఎక్కువ రాస్తాను.

1980ల చివర్లో జపాన్ సొంతంగా ఒక విమానం చేసుకోవాలనుకుంది. అమెరికా ఒత్తిడి పెట్టింది, చివరికి ఎఫ్-16 ఆధారంగా ఇద్దరూ కలిసి ఎఫ్-2 చేశారు. కలిసి చేశారనే పేరే కానీ, విమానాన్ని గాల్లో నిలిపే కంప్యూటర్ ప్రోగ్రాం మూలం, అంటే సోర్స్ కోడ్, అమెరికా ఇవ్వలేదు. జపాన్ ఇంజినీర్లు దాన్ని మళ్లీ మొదటి నుంచి సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది. అటు జపాన్ కనిపెట్టిన కార్బన్ ఫైబర్ రెక్క తయారీ పద్ధతి మాత్రం అమెరికాకు వెళ్లింది. తర్వాత జపాన్ ఎఫ్-22 కొనాలనుకుంటే, దాన్ని ఏ దేశానికీ అమ్మకూడదని అమెరికాలో చట్టమే ఉంది.

సోర్స్ కోడ్ అంటే మా ఊరివాళ్లకు ఇలా చెబుతాను. ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం పైన జకార్డు ఉంటుంది, దాంట్లో బెజ్జాలు కొట్టిన అట్టలు వరుసగా తిరుగుతుంటాయి. ఏ దారం లేవాలో, ఏది ఆగాలో ఆ బెజ్జాలే చెబుతాయి. మగ్గం నీ ఇంట్లో ఉంది, పట్టు నీది, చేయి నీది, కానీ ఆ అట్టలు మాత్రం షావుకారు దగ్గర నుంచి వచ్చాయనుకో. అంచులో నెమలిని తీసి హంస పెట్టాలంటే నువ్వు పెట్టలేవు, షావుకారు దగ్గరికి పోవాలి, ఆయన ఊ అనాలి, అడిగినంత ఇవ్వాలి. కోడ్ చేతిలో లేని విమానమూ అంతే. కొత్త క్షిపణి తగిలించాలన్నా, రాడార్ మార్చాలన్నా అడుక్కోవాలి.

జపాన్ ఆ బాధ ఒకసారి పడింది. అందుకే జీక్యాప్‌లో తన విమానాన్ని తనే మార్చుకునే స్వేచ్ఛ ఉండాలని మొదటి నుంచి పట్టుబట్టింది. ఇతర దేశాలకు అమ్మే విషయంలో తన పాత నిబంధనలను కూడా 2024 మార్చిలో సడలించుకుంది, ఎందుకంటే అమ్మకాలు లేకపోతే మిగతా ఇద్దరికీ లెక్క కుదరదు. ఒక దేశం దెబ్బ తిని, గుర్తుపెట్టుకుని, ముప్పై ఏళ్ల తర్వాత ఒప్పందం రాసుకునేటప్పుడు దాన్ని అక్షరాల్లో పెట్టించింది. మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది అనిపిస్తుంది నాకు.

ఫ్రాన్స్, జర్మనీలకు ఎందుకు పడట్లేదు?

అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరు అన్నట్టు ఉంది పరిస్థితి. విమానం డిజైన్‌కు పెద్ద ఎవరు అన్నది మొదటి తగువు. రఫేల్‌ను ఒంటిచేత్తో చేసినవాళ్లం, మాకు తెలుసు, మాటకు విలువ ఉండాలి అని డస్సో అంటుంది. డబ్బు మేమూ పెడుతున్నాం, మా ఇంజినీర్లు కూలీలు కాదు అని ఎయిర్‌బస్ జర్మనీ అంటుంది. 2025లో ఈ గొడవ బహిరంగంగానే సాగింది.

కంపెనీల తగువు పక్కన పెట్టినా, అవసరాలే వేరు. ఫ్రాన్స్‌కు విమాన వాహక నౌక మీద దిగే విమానం కావాలి, అణు క్షిపణి మోయగలగాలి. జర్మనీకి ఆ రెండూ అక్కర్లేదు. ఓడ మీద దిగాలంటే కాళ్లు, అంటే చక్రాల గేర్, బలంగా ఉండాలి, బరువుకు హద్దు ఉంటుంది. ఆ హద్దు మొత్తం డిజైన్ మీద పడుతుంది.

నిజానికి ఇది రెండోసారి. 1980లలో ఐరోపా దేశాలు కలిసి ఒకే విమానం చేద్దామనుకున్నాయి, దాదాపు ఇవే కారణాలతో 1985లో ఫ్రాన్స్ బయటికి వచ్చి రఫేల్ చేసుకుంది. మిగిలిన బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ యూరోఫైటర్ చేశాయి.

మా ఇంట్లో దీనికి సరిపోయే కథ ఒకటి ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న, పక్క పొలాల ఇద్దరు రైతులు కలిసి ఒక బోరు వేయించారు. మూడు పొలాలకీ వంతులవారీ నీళ్లు. బోరు పడిన చోటు ఒకాయన చేలో, స్టార్టర్ పెట్టె ఆయన గుడిసెలో, తాళంచెవి ఆయన మొలతాడుకు. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు వేరుశనగ ఊడలు దిగే టైములో మోటార్ కాలిపోయింది. రిపేరు ఎవరు కట్టాలి? ఎక్కువ తడిపినవాళ్లు కట్టాలని ఒకరు, సమానంగా అని ఒకరు, తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్లే అని ఇంకొకరు. ఈ మాట తేలేలోగా పదకొండు రోజులు పోయాయి. మూడు చేలూ ఎండాయి, తాళం ఉన్న చేను కూడా. బోరు వేసేరోజు ఈ మాట రాసుకుని ఉంటే ఎంత బాగుండేదని నాన్న చాలా ఏళ్లు అనేవాడు.

యూరోఫైటర్‌లో పని ఎలా పంచుకున్నారు?

వింటే ఆశ్చర్యపోతారు. ఎడమ రెక్క ఇటలీలో, కుడి రెక్క స్పెయిన్‌లో, మధ్య భాగం జర్మనీలో, ముందు భాగం బ్రిటన్‌లో. పైగా విమానాన్ని బిగించే లైన్లు నాలుగు దేశాల్లో నాలుగు. అందరికీ ఉద్యోగాలు, అందరికీ గౌరవం, కానీ ఖర్చు పెరిగింది, ఆలస్యమైంది. అయినా విమానం మంచిది, 1994లో మొదటిసారి ఎగిరి ఇప్పటికీ ఆర్డర్లు తెచ్చుకుంటోంది. పొత్తుల విమానాలన్నీ చెడ్డవని అనుకోకండి. మన దళంలో 1979 నుంచి ఎగురుతున్న జాగ్వార్ కూడా బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిందే.

ఇందులో ఇంకో మెలిక అమ్మకం. యూరోఫైటర్లు సౌదీకి అమ్ముదామని బ్రిటన్ అనుకుంటే జర్మనీ ఏళ్ల తరబడి అడ్డుపడి 2024 జనవరిలో గానీ సరే అనలేదు. పొత్తులో ఉన్న ప్రతివాడి చేతిలోనూ ఒక బ్రేకు ఉంటుందన్నమాట.

డబ్బు కట్టి భాగస్వామిగా చేరితే మన వాటా ఖాయమేనా?

టర్కీని అడగాలి ఈ మాట. ఎఫ్-35 ప్రాజెక్టులో అమెరికాతో పాటు ఎనిమిది దేశాలు చేరాయి, అందులో టర్కీ ఒకటి. వందకోట్ల డాలర్లకు పైగా కట్టింది, ఆ దేశ ఫ్యాక్టరీలు తొమ్మిది వందలకు పైగా విడిభాగాలు చేసేవి, పైలట్లు అమెరికాలో శిక్షణలో ఉన్నారు. రష్యా నుంచి ఎస్-400 అనే గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019లో బయటికి పంపేశారు. ఒక్క విమానం కూడా ఇంటికి రాలేదు. మన దగ్గర కూడా ఎస్-400 ఉందని మర్చిపోకండి.

ఇండోనేసియాది ఇంకో రకం. కొరియాతో కేఎఫ్-21లో ఐదో వంతు ఖర్చు భరిస్తానని చేరింది, కిస్తీలు బాకీ పడింది, చివరికి వాటా బాగా తగ్గించుకుంది, దాంతోపాటే వచ్చే టెక్నాలజీ కూడా తగ్గింది. ఈలోగా కొరియా ఆగలేదు, 2022 జూలైలో విమానం ఎగిరింది.

రష్యాతో మనం కలిసి చేస్తున్నామని అప్పట్లో పేపర్లో వచ్చింది, ఏమైంది?

2007లో ఒప్పందం. 2010 డిసెంబర్‌లో ప్రాథమిక డిజైన్ కోసం 29.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. ఇప్పుడు సుఖోయ్-57 అని పిలుస్తున్నదాని మీద మన వెర్షన్ రావాలి. కానీ అప్పటికే విమానం ఆకారం ఖరారైపోయి ఎగురుతోంది కూడా, 2010 జనవరిలోనే. అంటే వంట అయ్యాక మనల్ని పిలిచారు. మన ఇంజినీర్లకు పని వాటా తక్కువ, ఇంజిన్ మీద, రాడార్‌కు దొరకని గుణం మీద దళానికి సందేహాలు, పెద్ద ఖర్చు. 2018లో మనం తప్పుకున్నాం. సరైన నిర్ణయమే అని నా నమ్మకం.

అదే రష్యాతో బ్రహ్మోస్ క్షిపణి ఎందుకు కుదిరింది? 1998లో ఉమ్మడి కంపెనీ పెట్టారు, మన వాటా 50.5 శాతం, వాళ్లది 49.5. బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేర్లు కలిపి పేరు పెట్టారు. 2001 జూన్ 12న మొదటి పరీక్ష. ఎవరు ఏం చేయాలో మొదట్లోనే స్పష్టంగా ఉంది. ఇంజిన్ వాళ్లది, గైడెన్స్‌లో, అంటే క్షిపణికి దారి చూపే వ్యవస్థలో, పెద్ద భాగం మనది, తర్వాత ఒక్కొక్క భాగాన్నీ మన దగ్గర చేయడం పెంచుకుంటూ వచ్చారు. క్షిపణి చిన్నది, విమానం పెద్దది, నిజమే. కానీ తేడా సైజులో కన్నా ఒప్పందంలో ఎక్కువ ఉంది.

అంతకుముందు మనం ఎప్పుడూ ఇలాంటివి చేయలేదా?

చేశాం. ఈ కథ మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు, ప్రతి ఏడాదీ చెబుతాను. 1956లో జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ బెంగళూరు వచ్చాడు. ఆయన, మన ఇంజినీర్లు కలిసి హెచ్‌ఎఫ్-24 మారుత్ అనే యుద్ధ విమానం చేశారు. 1961 జూన్ 17న ఎగిరింది. ఆకారం చాలా బాగుంది, ధ్వని వేగాన్ని దాటేలా గీశారు. దానికి తగిన ఇంజిన్ మాత్రం లేదు. అనుకున్న బ్రిటిష్ ఇంజిన్ అభివృద్ధికి డబ్బు పెట్టే దగ్గర మనం వెనక్కి తగ్గాం. తక్కువ బలం ఉన్న ఇంజిన్‌తోనే విమానాన్ని నడిపాం.

అప్పుడు ఈజిప్టు కూడా సొంత విమానం, సొంత ఇంజిన్ చేసుకుంటోంది. మనం వాళ్లతో కలిశాం. వాళ్ల హెచ్‌ఏ-300 విమానాన్ని 1964లో మొదటిసారి ఎగరేసింది మన వైమానిక దళ పైలట్ కపిల్ భార్గవ. మన మారుత్ ఒకటి ఈజిప్టు వెళ్లింది, వాళ్ల ఈ-300 ఇంజిన్‌ను పరీక్షించడానికి. 1969లో ఈజిప్టు ఆ ప్రాజెక్టే మూసేసింది. మన మారుత్‌కు చివరిదాకా తగిన ఇంజిన్ రాలేదు. 147 చేసి ఆపేశాం. 1971 యుద్ధంలో రాజస్థాన్‌లోని లోంగేవాలా వైపు బాగా పనిచేసింది, అయినా ఆ డిజైన్ నుంచి తర్వాతి విమానం పుట్టలేదు, చేసినవాళ్లు చెదిరిపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఎప్పుడు చూసినా ఇంజిన్ అంటారేం సార్, చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లం ఇంజిన్ చేయలేమా?

రాకెట్ ఇంజిన్ కొన్ని నిమిషాలు మండి పనైపోతుంది. యుద్ధ విమానం ఇంజిన్ వేల గంటలు మండాలి, ఒక్క క్షణంలో నెమ్మది నుంచి పూర్తి బలానికి వెళ్లాలి, మళ్లీ తగ్గాలి.

టర్బైన్ బ్లేడ్ ఒకటి తీసుకుందాం. నా మధ్యవేలంత ఉంటుంది, వంకర తిరిగి ఉంటుంది. దాని మీదికి వచ్చే మంట వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ పైన. ఆ బ్లేడ్ చేసిన నికెల్ లోహం దాదాపు 1,350 దగ్గరే కరిగిపోతుంది. మరి ఎలా నిలుస్తోంది? బ్లేడ్ లోపల సన్నని దారులు ఉంటాయి, పైన వెంట్రుకంత బెజ్జాలు ఉంటాయి, వాటిలోంచి చల్లగాలి బయటికొచ్చి బ్లేడ్ చుట్టూ పల్చని పొరలా కప్పుకుంటుంది. ఆ పొర తప్పితే బ్లేడ్ లేదు. పైగా అది నిమిషానికి పది వేల సార్లకు మించి తిరుగుతోంది, లోహాన్ని ఆ వేగం బయటికి లాగుతోంది.

మామూలు లోహం బెల్లం అచ్చులాంటిది, లోపల లక్షల పలుకులు అంటుకుని ఉంటాయి, విరిగితే ఆ పలుకుల సందుల్లోనే విరుగుతుంది. అందుకే బ్లేడ్ మొత్తాన్ని పటికబెల్లంలో ఒక్క పలుకులాగా, సందే లేకుండా పెంచుతారు. దాన్నే సింగిల్ క్రిస్టల్ అంటారు. హైదరాబాద్‌లోని రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఈ పని నేర్చుకుని 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం అరవై బ్లేడ్లు ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. అంటే చేతకాదని కాదు, ఆ దారిలో సగంలో ఉన్నాం. మన తేలికపాటి యుద్ధ విమానం తేజస్ కోసం 1989లో మొదలైన కావేరి ఇంజిన్‌ను 2008లో ఆ విమానం నుంచి వేరుచేశారు. ఆ ఇరవై ఏళ్లలో చాలా ఎత్తులో ఎగిరే పరిస్థితుల్లో చేసే పరీక్షలకు ఇంజిన్‌ను రష్యా తీసుకెళ్లాల్సి వచ్చేది, మన దగ్గర సౌకర్యం లేక.

దాని ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. తేజస్ మార్క్-1ఏ కోసం 2021లో అమెరికా కంపెనీకి 99 ఇంజిన్ల ఆర్డర్ ఇస్తే మొదటిది 2025 మార్చిలో వచ్చింది. విమానం తయారై ఇంజిన్ కోసం ఎదురుచూడటం అంటే ఎడ్లు లేని బండి. ఇటు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మనకు 29 స్క్వాడ్రన్లే, అంటే యుద్ధ విమానాల దండులే, మిగిలాయి, ఉండాల్సింది 42.

మరి ఆమ్కా మన సొంతమా, అందులోనూ పొత్తేనా?

ఆమ్కా అంటే మన దేశం చేసుకుంటున్న కొత్త యుద్ధ విమానం. డిజైన్ మనది. బెంగళూరులోని ప్రభుత్వ డిజైన్ సంస్థ ఏడీఏ చేస్తోంది. 25 టన్నుల తరగతి, రెండు ఇంజిన్లు, ఐదో తరం. 2024 మార్చిలో కేంద్రం ఐదు నమూనాల కోసం సుమారు 15,000 కోట్ల రూపాయలకు అనుమతి ఇచ్చింది. 2025 మేలో తయారీలో ప్రైవేటు కంపెనీలు కూడా హెచ్‌ఏఎల్‌తో సమానంగా పోటీపడొచ్చు అన్నారు.

మొదటి విమానాలకు అమెరికా ఎఫ్-414 ఇంజిన్. తర్వాతి వాటికి ఇంకా బలమైన ఇంజిన్ కావాలి, దాన్ని ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో కలిసి మన దేశంలోనే చేస్తామని రాజ్‌నాథ్ సింగ్ 2025 ఆగస్టులో చెప్పారు. అంటే విమానం సొంతం, గుండె పొత్తు. ఇది నాకు నచ్చిన పద్ధతి. మొత్తం విమానాన్ని పొత్తులో పెట్టి తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడం కన్నా, మనకు రాని ఒక్క పనిని పొత్తులో నేర్చుకోవడం మేలు. అయితే ఆ ఒప్పందంలో వేడి భాగం, అంటే నేను పైన చెప్పిన బ్లేడ్ల పని, ఎంతవరకు నేర్పుతారన్నదే అసలు విషయం. మూతలు, పైపులు, బయటి తొడుగు ఇక్కడ చేసి ఎనభై శాతం మాదే అని లెక్క చూపిస్తే నేను సంతోషించను.

ఇంత కష్టం ఎందుకు, ఎఫ్-35 కొనేస్తే పోదా?

2025 ఫిబ్రవరిలో యలహంక ఎయిర్ షోకి ఎఫ్-35, సుఖోయ్-57 రెండూ వచ్చాయి. హిందూపురంలో రైలెక్కి పిల్లలతో వెళ్లాను. చూస్తే కొనాలనే అనిపిస్తుంది, దాచేదేముంది. కానీ కొన్న విమానంలో సాఫ్ట్‌వేర్ వాళ్లది, విడిభాగం వాళ్లది. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత తేజస్ కంట్రోల్ సిస్టమ్ మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేశారు. వాళ్లు బెంగళూరులో కూర్చుని ఆ కోడ్ పూర్తి చేశారు, 2001 జనవరి 4న తేజస్ ఎగిరింది. ఆ కోడ్ ఇప్పుడు మనది, ఎవరినీ అడగక్కర్లేదు.

జీక్యాప్‌లో మనం చేరితే?

అడ్డుపడే విషయాలు రెండు చెబుతాను. ఒకటి, విమానం ఆకారం, పని వాటాలు ఇప్పటికే ముగ్గురి మధ్య తేలిపోతున్నాయి. ఇప్పుడు చేరితే రష్యాతో జరిగినట్టే వంటయ్యాక వెళ్లినట్టు. రెండు, మన దగ్గర రష్యా సామాను ఎక్కువ, రహస్యాల విషయంలో ఆ మూడు దేశాలకూ భయం. కాబట్టి పూర్తి భాగస్వామ్యం కన్నా ఇంజిన్, డ్రోన్లు, సెన్సర్ల లాంటి ఒక్కో విషయంలో కలవడం తెలివైన పని అని నా ఉద్దేశం.

కర్నూలులో ఏదో లేజర్ పరీక్ష చేశారంట, దీనికి సంబంధం ఉందా?

ఉంది. కర్నూలు దగ్గర మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు జాతీయ ఓపెన్ ఎయిర్ రేంజ్, అంటే ఆయుధాలు పరీక్షించే మైదానం, ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చారు. జూలైలో డ్రోన్ మీద నుంచి వదిలే చిన్న క్షిపణిని పరీక్షించారు. ఆరో తరం అంటే విమానంతో పాటు ఇలాంటివన్నీ అని ముందే చెప్పాను కదా. ఈ ఎండలు, ఈ ఖాళీ నేల మనకు శాపం అనుకునేవాళ్లం, పరీక్షలకు అవే కావాలి.

మామా, మళ్లీ భూములు తీసుకుంటారా?

ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా మా ఊరి పెద్దవాళ్లు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మా పక్క ఊళ్లో ఒక సంస్థ కోసం భూములు తీసుకున్నారు, కంచె వేశారు, ఏళ్లు గడిచినా అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవలేదు. మేకలు కూడా లోపలికి పోకూడదంటారు. ఎకరానికి వచ్చిన డబ్బు ఒక పెళ్లికి, ఒక ఆపరేషన్‌కు అయిపోయింది. అందుకే నేను కోరేది ఇది: భూమి ఇచ్చిన ఇంట్లో ఒకరికి శిక్షణ, ఫలానా తేదీలోగా పని మొదలుపెట్టకపోతే భూమి వెనక్కి అని కాగితం మీద ఉండాలి. జపాన్ రాయించుకుంది, మా నాన్న రాయించుకోలేదు. గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగండి, అడిగితే తప్పేం లేదు.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పుడు మా పిల్లలకు కొరియావాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకునే అవకాశం దొరికింది. బోల్టును ఎంత బలంతో బిగించాలో అంతే బిగించడం, బిగించాక గుర్తు పెట్టడం, తప్పు జరిగితే దాచకుండా లైన్ ఆపడం, ఇవన్నీ వాళ్లు అక్కడ నేర్చుకున్నారు. విమానానికి ఇంతకు పదింతలు కావాలి.

మా అమ్మాయి డిప్లొమా రెండో ఏడు. ఈ రంగంలోకి రావాలంటే ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

డ్రాయింగ్ చదవడం, ముఖ్యంగా టాలరెన్సులు, అంటే కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో అది. కొలవడం. టైటానియం వెల్డింగ్‌లో గాలి తగలకుండా ఎందుకు చూస్తారో తెలుసుకోవడం. కార్బన్ ఫైబర్ పొరలు ఏ దిశలో పరచాలో, అల్ట్రాసౌండ్‌తో లోపలి పగులు ఎలా పట్టాలో చదవడం. పైథాన్ కాస్త వచ్చినా మంచిదే. హెచ్‌ఏఎల్, డీఆర్‌డీఓ అప్రెంటిస్ నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూడండి, ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగే ఎవరినీ నమ్మకండి.

అమ్మాయి కదా, మెషీన్ షాపు ఎందుకు అనేవాళ్లు ఉంటారు. పోయిన నెల మా ల్యాబులో ఇరవై మందికి ఒకే షాఫ్ట్ ఇచ్చి మైక్రోమీటర్‌తో మూడుసార్లు కొలవమన్నాను. ఎక్కువమందికి మూడు రకాల కొలతలు వచ్చాయి. చివరి బెంచీలో కళ్యాణదుర్గం నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం షాఫ్ట్‌ను గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్ సున్నా సరిచూసుకుని, మూడుసార్లూ 24.98 మిల్లీమీటర్లు అని రాసింది. మీ అమ్మాయిని సోమవారం ల్యాబుకు పంపండి, మధ్యాహ్నం రెండు నుంచి నేను అక్కడే ఉంటాను.